మన ఊరి పుస్తకం, ఆలీపూర్ మేడ

పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, మన ఊరి లైబ్రరీ గురించే చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను కోల్‌కతా జాతీయ గ్రంథాలయం గురించి చెప్పాలని వచ్చాను. మన జిల్లాలో అచ్చయి, మన దగ్గర ఎక్కడా మిగలని ఒక పుస్తకం నాకు అక్కడ దొరికింది.

కోల్‌కతాలోని ఆలీపూర్‌లో దానిది 30 ఎకరాల ఆవరణ. మధ్యలో బెల్వెడేర్ హౌస్ అనే పాత మేడ. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్, ఆయన కౌన్సిల్ సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్ పిస్తోళ్లతో తలపడింది ఈ చుట్టుపక్కలే, 1780 ఆగస్టు 17న. తరవాత 1854 నుంచి 1911 దాకా బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు ఇందులో కాపురమున్నారు. సామాన్యుణ్ణి గేటు దగ్గరే ఆపేసే ఇల్లు. అలాంటి ఇంటి తలుపులు 1953 ఫిబ్రవరి 1న మౌలానా అబుల్ కలాం ఆజాద్ పాఠకులకు తెరిచారు. దొరలు విందులు చేసుకున్న హాల్లో బల్లలు వేశారు, కాలేజీ కుర్రాళ్లు వచ్చి కూర్చుని నోట్సు రాసుకున్నారు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ గ్రంథాలయం పుస్తకాలు ఈ మేడకు చేరేముందు చాలా ఇళ్లు మారాయి. 1836లో పుట్టిన కలకత్తా పబ్లిక్ లైబ్రరీ, హుగ్లీ ఒడ్డున 30 స్తంభాల మెట్‌కాఫ్ హాల్లో పై అంతస్తులో ఉండేది. కింద వ్యవసాయ, ఉద్యాన సంఘం. ఇంకోపక్క 1891లో ప్రభుత్వ శాఖల పుస్తకాలన్నీ కలిపి ఇంపీరియల్ లైబ్రరీ పెట్టారు గానీ, అది పెద్ద అధికారులకే. వైస్రాయ్ కర్జన్ ఈ రెంటినీ కలిపి 1903 జనవరి 30న అదే మెట్‌కాఫ్ హాల్లో జనానికి తెరిపించాడు. అక్కణ్ణుంచి అదే ఊళ్లోని ఎస్ప్లనేడ్‌కు, యుద్ధకాలంలో మరోచోటికి. జాతీయ గ్రంథాలయమని పేరు మారింది 1948లో.

ఇప్పుడు పుస్తకాలు, రీడింగ్ రూములు అదే ఆవరణలో కట్టిన భాషా భవన్‌లో ఉన్నాయి. పాత మేడ అందం దానికి లేదు. అయినా నాకు అదే ఇష్టం, అది పుస్తకం కోసమే కట్టిన ఇల్లు కాబట్టి. మేడకు మరమ్మతులు చేస్తున్నప్పుడు, 2010లో, కింది అంతస్తులో తలుపూ కిటికీ లేని గది ఒకటి బయటపడింది. నిధి ఉందని పేపర్లు రాశాయి. తీరా చూస్తే లోపలంతా మట్టి, మేడ గట్టిగా నిలవడానికి నింపిన మట్టి.

నాకు దొరికిన నిధి సంగతి చెబుతాను. స్లిప్పు రాసి కౌంటర్లో ఇచ్చాను. అక్కడ అరల దగ్గరికి మనం వెళ్లలేం, వాళ్లే తెచ్చిస్తారు. బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంటే పరీక్ష ఫలితాల రోజు పడ్డంత టెన్షన్ పడ్డాను. చివరికి వచ్చింది. పలచటి పద్యాల పుస్తకం, పసుపెక్కిన కాగితం, అంచులు ముట్టుకుంటే పొడి రాలుతోంది. లోపలి పేజీలో లైబ్రరీ ముద్ర, దాని కింద చేత్తో వేసిన నంబరు. రాసినాయన ఇంట్లో కాపీలన్నీ చెదలు తిన్నాయి. ఆయన మనవడు నాతో ఆ మాట చెప్పినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఒక్క కాపీలోంచి నాలుగు పద్యాలు పెన్సిల్‌తో రాసుకొచ్చి ఆ అబ్బాయి చేతిలో పెట్టాను.

అంత దూరం ఆ పుస్తకాన్ని ఎవరో పోస్టులో వేస్తేనే కదా చేరింది. 1954లో చట్టం చేశారు. దేశంలో ఎవరు పుస్తకం అచ్చువేసినా, ఏ భాషలోదైనా, 30 రోజుల్లోగా ఒక కాపీ తమ ఖర్చుతో అక్కడికి పంపాలి. మద్రాసులో చదువుకున్న మన పాత తరానికి బాగా తెలిసిన కన్నెమరా లైబ్రరీకీ, ఇంకో రెండిటికీ కూడా పంపాలి. మన ప్రాంతంలో సొంత డబ్బుతో పుస్తకం వేసుకునేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. సభ పెడతారు, ఆవిష్కరిస్తారు, మిగిలిన కట్టలు మంచం కింద పడుంటాయి.

ఈ సభలో కిందటేడు కవితలు అచ్చువేసుకున్న ఇద్దరు కుర్రాళ్లున్నారు. బాబూ, రేపు పొద్దున పదింటికి పోస్టాఫీసు దగ్గరికి చెరో కాపీ పట్టుకురండి. నేనూ వస్తాను. కవరు మీద జాతీయ గ్రంథాలయం, బెల్వెడేర్, కోల్‌కతా 700027 అని రాయండి, పోస్టు చేద్దాం.