పేరు పంపని మాస్టారు

శ్రోతలకు నమస్కారం.

సెప్టెంబరు 5న మన బడుల్లో పదో తరగతి ఆడపిల్లలు అమ్మ చీర కట్టుకుని టీచరమ్మలైపోతారు. అదే రోజు ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు అందజేస్తారు. ప్రశంసాపత్రం, వెండి పతకం, 50,000 రూపాయల నగదు. 1958లో మొదలైన పురస్కారమిది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకోవడం 1962 నుంచి. ఆయన ఒకప్పుడు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపినవారు కూడా.

చాలాకాలం రాష్ట్ర ప్రభుత్వాలే పేర్లు పంపేవి. ఏటా మూడొందలకు పైగా పురస్కారాలు ఉండేవి. 2018లో పద్ధతి మారింది, సంఖ్య యాభై లోపుకు తగ్గింది. ఇప్పుడు టీచరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. చేసిన పనికి ఫోటోలు, వీడియోలు జతపరచాలి. జిల్లా, రాష్ట్ర కమిటీల వడపోత దాటితే జాతీయ జ్యూరీ ముందు తన పని తానే వివరించాలి. ట్యూషన్లు చెప్పుకునేవారు అనర్హులు. నాకు బాగా నచ్చిన నియమం అది. పైరవీ తెలియని పల్లెటూరి టీచరు కూడా నేరుగా పోటీలో నిలబడొచ్చు, అదీ మంచిదే. కానీ తన గురించి తాను చెప్పుకోలేని మనిషి సంగతేమిటి?

మా పాలమూరు పల్లెలో లెక్కల మాస్టారు ఉండేవారు. భిన్నాలు చెప్పేరోజు ఒక పిల్లవాడి సద్ది విప్పించి, జొన్నరొట్టెను సగం చేశారు, ఆ సగాన్ని మళ్లీ సగం చేశారు. "ఇదెంతరా?" అంటే వాడు, "ఆకలికి సరిపోదు సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. మర్నాటి నుంచి ఆయన సంచిలో రెండు రొట్టెలు ఎక్కువ ఉండేవి. ఏడాది పొడుగునా. దీనికి ఫోటో ఎక్కడుంటుంది?

ఆయన రిటైరవడానికి ముందు మేం, పాత విద్యార్థులం, ఓ ఆదివారం వెళ్లి దరఖాస్తు పెట్టమన్నాం. "నా గురించి నేనే గొప్పగా రాసుకోవాల్నా బిడ్డా?" అన్నారు. మీకు చదువు చెప్పినవాళ్లూ ఇలాగే అంటారు. అప్పుడు ఊరుకోకండి. వాళ్ల దగ్గర కూర్చోండి, మీకు గుర్తున్నది చెప్పండి, ఫారం మీరు నింపిపెట్టండి. మేం అదే చేశాం.

ఆధారాల కోసం బీరువా వెతికితే పాత నోటుబుక్కులు దొరికాయి. ప్రతి పేజీలో పిల్లల పేర్లు, పక్కన ఎవరికి ఏం రాదో. ఒకరికి 'శేషం వచ్చే భాగహారం', ఇంకొకరికి 'ఏడో ఎక్కం'. వచ్చినరోజు దాన్ని కొట్టేసి తేదీ వేసేవారు. ఇంతకు మించిన రుజువేముందని నేను ఫోన్ తీశాను.

మాస్టారు పేజీకి చెయ్యి అడ్డుపెట్టారు.

"పేర్ల మీద కాగితం పెట్టి తియ్యి. వాళ్లకిప్పుడు పిల్లలున్నరు."