కొండ మీది పోరాటంలో కిందివాళ్ళ వంతు

వేదిక మీది పెద్దలకు, పాడేరు, అనంతగిరి నుంచి తెల్లవారకుండానే బయల్దేరి వచ్చిన అక్కలకు, అన్నలకు నమస్కారం. బాక్సైట్ తవ్వకం వద్దనే ఈ సభలో నాకిచ్చిన కొద్ది సమయం మైదానంవాళ్ళతో మాట్లాడ్డానికే వాడుకుంటాను. మన్యంవాళ్ళకి నేను కొత్తగా చెప్పగలిగింది లేదు.

విశాఖ కుళాయిల్లో తాటిపూడి నీళ్ళున్నాయి, రైవాడ నీళ్ళున్నాయి. తాటిపూడికి గోస్తనీ, రైవాడకి శారద. రెండూ కొండల్లోంచి దిగేవే. నాతవరం వైపు పొలాలకి తాండవ. అల్యూమినియం తీసే రాయి, బాక్సైట్, ఉన్నది ఈ కొండల నెత్తినే. గాలికొండ, రక్తకొండ, జెర్రెల, సప్పర్ల, ఎక్కడ చూసినా పైపొరలోనే. బెజ్జాలు బెజ్జాలుగా ఉండే రాయి. వానాకాలమంతా తాగి, ఫాల్గుణం దాటినా ఊటగా కొంచెం కొంచెం వదులుతుంది. చింతపల్లి కాఫీ తోటల పక్క గెడ్డలు ఎండల్లో సన్నగానైనా పారడంలో ఆ రాయి పాత్ర పెద్దది. ఆ పొర గీకేస్తే వాన మట్టితో సహా ఒక్కసారే దిగిపోతుంది. అందుకే మన్యంవాళ్ళకి సాయం చేస్తున్నామన్న బింకం మనకి తగదు.

1997 జులై 11 నాటి సమత తీర్పు పేరు మీరంతా వినే ఉంటారు. బొర్రా చుట్టుపక్కల కాల్‌సైట్, మైకా తవ్వుకోమని ప్రభుత్వం ప్రైవేటువాళ్ళకి లీజులిచ్చింది. ఆదివాసుల తరఫున సమత సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు వీళ్ళ పక్షాన నిలిచారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి ఇవ్వకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, అది సర్కారు భూమైనా అంతేనని తేల్చారు. ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే ఈపాటికి ఆ కొండలు ఎలా ఉండేవో!

ఆ తర్వాతా దారులు వెతికారు. బాక్సైట్ తవ్వేది ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ, ఖనిజం పోయేది ప్రైవేటు రిఫైనరీకి. 2015 నవంబరులో 97 నంబరు జీవో వచ్చింది, చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లు తవ్వకానికి ఇస్తూ. మన్యం భగ్గుమంది, జీవో ఆగింది, 2019లో రద్దయింది.

ఇప్పుడు కాస్త చేదు మాట. సమత తీర్పు నిలబడింది 1/70 మీద, అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి చట్టం మీద. మనలో చాలామందికి గిట్టని ఆ 1/70 మీదే. అరకులో నాలుగు సెంట్లు కొనుక్కోనివ్వరా, లంబసింగిలో రిసార్టు పెట్టుకోనివ్వరా అని విసుక్కునేవాళ్ళే బాక్సైట్ వద్దని ర్యాలీకి వస్తారు. రండి, సంతోషమే. కానీ గనుల కంపెనీని ఆపిన చట్టమూ, మిమ్మల్ని ఆపుతున్న చట్టమూ ఒకటే. అందులో మనకి అనువైన ముక్క ఉంచి మిగతాది తీసేయమంటే కుదరదు. పర్యాటకం కోసం దాన్ని సవరించాలన్న మాట రాగానే మన్యం 2025 ఫిబ్రవరిలో 48 గంటల బంద్‌కి దిగింది. మన ఊళ్ళో మాత్రం టూర్ పాడైందన్న గొణుగుడే ఎక్కువ వినిపించింది. తోడు నిలవాల్సింది అలాంటప్పుడు.

మరి మన వంతేమిటి? కాగితం. గనికి పర్యావరణ నివేదిక ఇంగ్లీషులో, ఇంత మందాన ఉంటుంది. కేంద్రం ఇచ్చిన 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సారాంశం స్థానిక భాషలో ఇస్తారు, ఇక్కడైతే తెలుగులో. కోదుల భాష కూవి మాట్లాడే అవ్వకి ఆ తెలుగూ పరాయిదే. పూర్తి నివేదిక చదివి, అందులో ఎన్ని ఊటలు రాశారో, ఎన్ని వదిలేశారో ఊరివాళ్ళ వెంట కొండ తిరిగి సరిచూడాలి. మాట్లాడేది మాత్రం వాళ్ళే. 2013లో ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అని 12 గ్రామసభలు పెడితే, కాదన్నవాళ్ళంతా ఆ ఊళ్ళవాళ్ళే. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి.

ఈ హాల్లో రిటైరైన ఇంజనీర్లున్నారు, జియాలజీ చెప్పిన మాస్టార్లున్నారు. సభ అయ్యాక గుమ్మం పక్క బల్ల దగ్గర పేర్లు రాయించుకోండి. 1/70 మీద ఇంకా అభ్యంతరం ఉన్నవాళ్ళూ అక్కడికే రండి. అనంతగిరి అక్కలు సాయంత్రం బస్సుదాకా ఉంటారు, వాళ్ళనే అడగండి.