కంపోస్ట్ డబ్బాకి కుళాయి ఎందుకండీ? వాడి చూసి చెబుతున్న రివ్యూ

ముందుగా ఒక మాట. ఈ డబ్బా నేను కొన్నది కాదండీ, కంపెనీవాళ్లు ఫ్రీగా పంపించారు. వీడియోకి డబ్బులు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అప్‌లోడ్ చేసే ముందు ఒకసారి మాకు చూపించండి అన్నారు. కుదరదన్నాను. కాబట్టి మీరు చూసినప్పుడే వాళ్లూ చూస్తారు.

ఎన్ని లీటర్లు, ఏ ప్లాస్టిక్, ఏయే రంగులు... ఇవన్నీ ఎక్కడో చూసే ఇక్కడికి వచ్చి ఉంటారు. మళ్లీ చదివి మీ టైమ్ తినను. పెట్టెలో ఏమొచ్చాయో మాత్రం చూపిస్తాను. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు డబ్బాలు. మూత. అడుగున వేసే జాలీ ప్లేటు. చెత్త కుళ్లడానికి చల్లే సూక్ష్మజీవుల పొడి ఒక ప్యాకెట్. చిన్న జల్లెడ. ఇదిగో, ఈ కుళాయి.

ఈ కుళాయి గురించి చాలాసేపు మాట్లాడతాను. ఓపిక లేకపోతే వీడియో చివరికి వెళ్లిపోండి, ఏమీ అనుకోను.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. మూత బ్రహ్మాండంగా ఉంది. ఒక చేతిలో తొక్కల గిన్నె పట్టుకుని రెండో చేత్తో ఇలా ఎత్తితే వచ్చేస్తుంది. ఇదేం పెద్ద విషయమా అనకండి. ఇంతకుముందు నా దగ్గరున్న డబ్బాకి తిప్పి బిగించే మూత ఉండేది. గిన్నె కింద పెట్టాలి, మూత తిప్పాలి, మళ్లీ గిన్నె తీయాలి. రెండు రోజులు చేస్తాం, మూడో రోజు బద్ధకం. తొక్కలు గట్టు మీదే ఉండిపోతాయి, సాయంత్రానికి ఈగలు. కంపోస్ట్ మానేసేవాళ్లలో చాలామంది సైన్స్ అర్థంకాక మానేయరు, ఇలాంటి చిన్న చిన్న విసుగులతోనే మానేస్తారు. అందుకే మూతకి నా దగ్గర మార్కులు ఎక్కువ. గాలి రంధ్రాలకి లోపలివైపు సన్నటి జాలీ కూడా వేశారు. గాలి వెళ్తుంది, ఈగ వెళ్లదు. శభాష్.

ఇక కుళాయి.

డబ్బాతో వచ్చిన కాగితంలో ఏమంటారంటే, కొన్నాళ్లకి కుళాయిలోంచి ద్రవం వస్తుందట, అది మొక్కలకి బంగారమట, నీళ్లలో కలిపి పోయాలట. పక్కన నవ్వుతున్న టమాటా బొమ్మ. ఇది చదవగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎందుకో చెబుతాను.

వంటింటి చెత్తని ఎరువు చేయడానికి డబ్బాల్లో రెండు దారులున్నాయి. ఒకటి గాలితో జరిగేది. మనం మామూలుగా కంపోస్ట్ అనేది దీన్నే. రెండోది గాలి తగలకుండా పులియబెట్టేది, బొకాషి అంటారు. బొకాషి డబ్బా మూత గాలి చొరబడకుండా బిగుతుగా ఉంటుంది. చెత్త వేసినప్పుడల్లా సూక్ష్మజీవులు పట్టించిన తవుడు చల్లి, గాలి పోయేలా గట్టిగా నొక్కాలి. లోపల లాక్టిక్ బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. అక్కడ నీరు ఊరుతుంది, ఊరాలి కూడా. రెండు మూడు రోజులకోసారి తీసేయకపోతే లోపలిది పాడవుతుంది. ఆ డబ్బాకి కుళాయి ప్రాణం. ఇంకో సంగతి, రెండు వారాల తర్వాత తీసినా అందులో ఉండేది ఎరువు కాదు. వేసిన ముక్క వేసినట్టే కనిపిస్తుంది, పుల్లటి వాసన వస్తుంది. దాన్ని మట్టిలో పూడ్చి ఇంకొన్ని వారాలు ఆగాలి. డబ్బాలో చెత్త పులుస్తుంది, మట్టిలో చివుకుతుంది.

ఇప్పుడు ఈ డబ్బా చూడండి. చుట్టూ గాలి రంధ్రాలు. అంటే మొదటి రకం. మరి రెండో రకం డబ్బాకుండే కుళాయి దీనికెందుకు? చూడ్డానికి బాగుంటుందని అతికించినట్టుంది.

కూరగాయ తొక్కల్లో 80 నుంచి 90 శాతం నీళ్లే. కుళ్లేటప్పుడు ఆ నీళ్లు బయటికొస్తాయి. పక్కన ఎండుటాకులు, అట్టముక్కలు, రంపపు పొట్టు లాంటి పొడి సరుకు సరిపడా ఉంటే అవే పీల్చేసుకుంటాయి, కిందికి చుక్క దిగదు. కిందికి నీరు దిగుతోందంటే పొడి సరుకు చాలలేదని అర్థం. ముక్కల మధ్య సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరాయి. గాలి లేకపోతే గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెత్తనం మొదలవుతుంది, కుళ్లిన కోడిగుడ్డు కంపు వస్తుంది. అంటే ఈ కుళాయి బండిలో పెట్రోల్ అయిపోయినప్పుడు వెలిగే ఎర్ర లైటు లాంటిది. ఆ లైటు వెలిగిందని ఎవరైనా మిఠాయిలు పంచుతారా?

పోనీ, ఆ నీళ్లు పనికిరావా అంటే, పూర్తిగా వ్యర్థమని అనను. పొటాష్ లాంటివి కొంత కరిగి ఉంటాయి. కానీ సగం కుళ్లిన సరుకు నీళ్లవి. వేళ్లకి పడని ఆమ్లాలు ఉండొచ్చు, రోగాలు తెచ్చే బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు. పచ్చిగా తినే ఆకుల మీద మాత్రం చచ్చినా పోయకండి. నేనైతే మళ్లీ ఎండుటాకుల మీదే గుమ్మరిస్తాను. పూలమొక్కల మొదట్లో పోయాలంటే బాగా పలచన చేసి పోయండి.

ఇదంతా సిద్ధాంతం. చేతికి అందిన కుళాయి ఎలా పనిచేస్తుందో చూద్దాం. కింది డబ్బాలో, కావాలనే, కాగితంలో రాసినట్టు తొక్కలూ, ప్యాకెట్‌లోని పొడీ మాత్రమే వేశాను. కుళాయి తిప్పాను. ఒక చుక్క. ఇంకో చుక్క. ఆగిపోయింది. అగరబత్తి పుల్ల పెట్టి కెలికితే నల్లటి జిగురు తీగలా సాగింది, దాని వెనకాల ఏదో తొక్క పీచు. పీచు లాగేసరికి లోపలున్నదంతా భళ్లుమని నా కాళ్ల మీదే. ఆ వాసన సబ్బుతో పోలేదు. కెమెరా ఇంకా దగ్గరికి తెస్తాను, ఇక్కడ చూడండి. కుళాయి రంధ్రం డబ్బా అడుగుకి ఒక వేలు ఎత్తులో ఉంది. అంటే కుళాయి పూర్తిగా తెరిచినా అడుగున ఒక వేలు లోతు నీళ్లు ఎప్పటికీ అలాగే ఉంటాయి. నీళ్లు తీయడానికే పెట్టిన కుళాయి నీళ్లన్నీ తీయలేదు! డబ్బా వంచితేనే వస్తాయి. నిండిన డబ్బా వంచి చూడండి, నడుము సంగతి తెలుస్తుంది.

పై డబ్బాలో నా పద్ధతి. ఒక గిన్నె తడి చెత్తకి రెండు గిన్నెల పొడి సరుకు. పుస్తకాల్లో కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి 25 నుంచి 30కి ఒకటి ఉండాలంటారు. రోజూ తొక్కలు పట్టుకుని లెక్కలు వేయలేం కదా, ఇంట్లో పనికి గిన్నె లెక్క చాలు. ముక్కలు చిన్నగా తుంచి వేస్తాను, వారానికి ఒకటి రెండుసార్లు అడుగుది పైకి తిప్పుతాను. గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఇంకా అట్టముక్కలు వేయండి, పొడిపొడిగా రాలిపోతే కాసిని నీళ్లు చల్లండి. అమోనియా ఘాటు ముక్కుకి తగిలినా మందు అదే, ఇంకాస్త పొడి సరుకు. పై డబ్బాలోంచి కిందికి చుక్క దిగలేదు. మట్టి వాసన తప్ప వాసన లేదు.

ప్యాకెట్‌లోని పొడి సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తొక్కల మీద, ఆకుల మీద ముందే ఉంటాయి. కావాలంటే పాత కంపోస్ట్ ఒక గుప్పెడు వేయండి, అదే తోడు. పొడి అయిపోయిందని టెన్షన్ పడి మళ్లీ మళ్లీ కొనక్కర్లేదు.

కరెంటుతో నడిచే మెషిన్ కొనాలా అని చాలామందికి ఉంటుంది. నేను ఒకటి వాడాను, పేరు చెప్పను. రాత్రి వేస్తే తెల్లారేసరికి గోధుమరంగు పొడి తయారు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది ఎరువు కాదండీ, ఎండబెట్టి నూరిన చెత్త. ఆ పొడి కుండీలో చల్లి నీళ్లు పోశాను, బూజు తెల్లగా దుప్పటిలా కప్పేసింది. కుళ్లడం అప్పుడే మొదలైంది మరి, అది కూడా మొక్క వేళ్ల పక్కనే. మట్టితో కలిపి కొన్ని వారాలు వదిలేస్తే పనికొస్తుంది. అంతమాత్రానికి కరెంటు ఎందుకో నాకు తెలీదు.

తిరిగే డ్రమ్ము కూడా వాడాను. తిప్పడం సరదాగా ఉంటుంది. సగం నిండాక తిప్పలేం.

ఇంత గొడవ మాకెందుకు, పశువుల ఎరువు తెచ్చుకుంటాం అంటారా? మంచిదే, కాకపోతే రెండు చూసుకోండి. పచ్చి పేడ నేరుగా వేయకండి. అమెరికా సేంద్రియ నిబంధనల్లో పచ్చి ఎరువు వేసిన తర్వాత కోతకి 120 రోజులు ఆగాలని ఉంది, తినే భాగం మట్టికి తగలని పంటయితే 90 రోజులు. క్యారెట్, పాలకూర లాంటివాటికి మొదటి లెక్క. రెండోది కంటికి కనిపించదు. గడ్డి పొలాల్లో కొట్టే కలుపుమందుల్లో అమినోపైరాలిడ్ లాంటివి కొన్ని ఆ గడ్డి తిన్న పశువు కడుపు దాటి పేడలోకి వచ్చేస్తాయి, కంపోస్ట్ చేసినా తొందరగా పోవు. టమాటా, చిక్కుడు ఆకులు ముడుచుకుపోతాయి, మనమేమో తెగులనుకుని మందులు కొడుతూ కూర్చుంటాం. పరీక్ష తేలికే. ఆ ఎరువు కలిపిన మట్టిలో నాలుగు బీన్స్ గింజలు, మామూలు మట్టిలో నాలుగు గింజలు పెట్టండి. రెండు మూడు వారాల్లో మొదటివాటి కొత్త ఆకులు మెలితిరిగితే ఆ బస్తా తోటలోకి రానివ్వకండి.

చిన్న డబ్బాలకి ఒక పరిమితి ఉంది, అది ఈ కంపెనీ తప్పు కాదు. పెద్ద కుప్ప లోపల 55 డిగ్రీల వేడి పుడుతుంది, అది కొన్నాళ్లు నిలిస్తే కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. అంత వేడి నిలవాలంటే సుమారు ఒక ఘనపు మీటరు కుప్ప కావాలి. ఇంత డబ్బాలో గోరువెచ్చన అయితే గొప్ప. కాబట్టి తెగులు పట్టిన మొక్కలు, గింజ పట్టిన కలుపు ఇందులో వేయకండి. మాంసం ముక్కలూ వద్దు. కోడిగుడ్డు పెంకులు వేయొచ్చు, కాకపోతే మెత్తగా పొడి చేసి. పెంకు పెంకుగా వేస్తే ఏడాది తర్వాత కూడా పలకరిస్తుంది.

తయారైన ఎరువు మీద మరీ ఆశలు పెట్టుకోకండి. ఇంటి కంపోస్ట్‌లో నైట్రోజన్ మామూలుగా ఒకటి రెండు శాతం ఉంటుంది. మట్టిని గుల్లగా చేస్తుంది, నీళ్లు పట్టి ఉంచుతుంది, అసలు గొప్ప అక్కడుంది. కుండీలో విరగకాయాల్సిన వంగ, టమాటాలకి ఇదొక్కటే చాలదు. పూత సమయానికి నూనె గింజల పిండో, వర్మీకంపోస్టో తోడవ్వాలి.

అయిందో లేదో తెలియాలంటే ముల్లంగి గింజలు కొన్ని అందులోనే వేయండి. మామూలు మట్టిలో మొలిచినంత బాగా మొలిస్తే అయినట్టే. మొలకలు మాడితే ఇంకా మాగనివ్వాలి.

ఇప్పుడు తీర్పు. నేను రాసుకున్న మార్కుల ప్రకారం డబ్బా పాసే. మూత బాగుంది, జాలీ బాగుంది, రెండు అంతస్తుల ఏర్పాటు బాగుంది, ఒకటి మాగుతుంటే రెండోది నింపుకోవచ్చు. అయినా నేను కొనమని చెప్పను. చెడిపోతోందన్న గుర్తుని బంగారమని అమ్మేవాళ్ల కాగితం నమ్మి కొత్తవాళ్లు కంపు భరించలేక డబ్బాతో పాటు ఆ అలవాటునే వదిలేస్తారు. ఏదైనా పాత బకెట్‌కి పక్కలా అడుగునా రంధ్రాలు పొడిచి, లోపల దోమల జాలీ అతికించి, మూత పెట్టండి. పని అదే జరుగుతుంది.

ఇప్పటికే కొనేశారా? అయితే కుళాయి విప్పేయండి. ఇదిగో, అపసవ్య దిశలో తిప్పితే ఊడొస్తుంది. ఆ రంధ్రానికి జాలీ ముక్క అతికిస్తే కిందనుంచి కూడా గాలి ఆడుతుంది. కంపెనీవాళ్లు డబ్బా వెనక్కి అడిగితే ఇచ్చేస్తాను. జల్లెడ మాత్రం ఇవ్వను, కంపోస్ట్ జల్లించడానికి ఇంత సరిపోయిన కన్ను ఉన్న జల్లెడ నాకు ఇంతవరకు దొరకలేదు.