కంపెనీ చెప్పే మైలేజ్, మన రోడ్డు మీద మైలేజ్: బరంపురం స్టూడియోలో పెద్ద బండ్ల చర్చ

యాంకర్: నమస్కారం అండి. ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి దాకా మనవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఒకటే గొడవ, ఏడు సీట్ల బండి కొనాలా, కొంటే ఆయిల్ ఖర్చు తట్టుకోగలమా అని. పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటార్ కూడా ఉండే టయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌కి కంపెనీ లెక్క లీటరుకి 23.24 కిలోమీటర్లు. ఎవర్ని అడిగినా అంత రావట్లేదంటున్నారు, మెకానిక్ గారూ, అబద్ధమా అది?

మెకానిక్: అబద్ధం అనలేమండి, పరీక్ష అలాంటిది. బండిని రోలర్ల మీద పెట్టి నడుపుతారు, ఏసీ ఆఫ్, స్పీడు 90 దాటదు, ఠాకురాణి జాత్ర ట్రాఫిక్ అసలే ఉండదు. రెండు బళ్ళని పోల్చుకోడానికి బాగానే ఉంటుంది, నెలకి ఎంత అవుతుందో వేసుకోడానికి మాత్రం పనికిరాదు.

ట్రావెల్స్ ఓనర్: ఏటంటే బాబూ, నా దగ్గరున్నవి ఇన్నోవా క్రిస్టా డీజిల్లు. ఎన్‌హెచ్ 16 మీద 80, 90లో పోతే 13, 14 ఇస్తాది, ఊళ్ళో తగ్గిపోద్ది, అదే హైవే మీద ఫ్లైట్ టైం అయిపోతందని కుర్రాడు భువనేశ్వర్ దాకా 120లో తొక్కాడంటే 11కి పడిపోద్ది. తప్తపాణి ఘాట్ అయితే మరి అడగొద్దు, లోపల ఏడుగురు, పైన కేరియర్ మీద పెళ్ళి సామాను, వెనకాల ఏసీ కూడా ఫుల్లు.

టీచర్: మా హైక్రాస్ హైబ్రిడ్ దీనికి ఉల్టా అండి. ఊళ్ళో 17, 18 ఇస్తోంది, హైవే ఎక్కి 100 దాటించామా, 15 అంటోంది. షోరూం వాళ్ళు ఈ ముక్క చెప్పలేదు.

మెకానిక్: అలాగే వస్తుంది మేడమ్. ఊళ్ళో మీరు బ్రేక్ వేసినప్పుడల్లా మోటార్ కరెంటు తయారుచేసి బ్యాటరీలో పెడుతుంది, జామ్‌లో ఆగితే ఇంజన్ కూడా ఆగిపోతుంది. హైవే మీద బ్రేకే వెయ్యరు కదా, ఇంక దాచుకునేదేముంది, పైగా స్పీడు డబుల్ అయితే గాలి అడ్డం నాలుగింతలు అవుతుంది, ఈ బళ్ళు ఎదురుగా చూస్తే బీరువాల్లా ఉంటాయి మరి. ఘాట్ దిగేటప్పుడు బోల్డంత కరెంటు వస్తుందనుకుంటారు గానీ ఆ బ్యాటరీ చిన్నది, నిండిపోయాక ఇంకేమీ దాచదు.

యాంకర్: మరి డీజిల్ ఊళ్ళో ఎందుకు తగ్గిపోతుంది?

మెకానిక్: బరువు ఒకటి. ఇంకోటి, బీఎస్6 అని కొత్త పొగ రూల్స్‌కి తగ్గట్టు చేసిన డీజిల్ బళ్ళలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, రోజూ గాంధీనగర్ నుంచి కొత్త బస్టాండ్ దాకా మాత్రమే తిప్పితే అది వేడెక్కదు, ఆ మసి కాల్చుకోడానికి బండి అదనంగా డీజిల్ పోసుకుంటుంది. డీజిల్ కొంటే అప్పుడప్పుడూ లాంగ్ కొట్టాలి.

ట్రావెల్స్ ఓనర్: కియా వాళ్ళ డీజిల్ కార్నివాల్ అయితే కంపెనీ లెక్కే 14.85, రెండు టన్నులు దాటిన బండి, ఊళ్ళో పది వస్తే దణ్ణం పెట్టుకోవాలి.

టీచర్: ఇథనాల్ కలిపిన ఈ ఇ20 పెట్రోల్ వచ్చాక ఇంకా తగ్గిందంటున్నారు, నిజమేనా?

మెకానిక్: కొంత నిజం. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, 20 శాతం కలిపితే లీటరు మీద ఆరేడు శాతం పోతుంది. 15 ఇచ్చేది 14 అవుతుంది, సగానికి పడిపోయిందనేవాళ్ళు మాత్రం టైర్లలో గాలి చూసుకోవాలి. ఇంకోటి, డిస్‌ప్లేలో చూపించే యావరేజ్ నమ్మి కొట్టుకోకండి, చాలా బళ్ళలో అది కాస్త ఎక్కువే చూపిస్తుంది. ట్యాంక్ ఫుల్ చేయించి, తిరిగి, మళ్ళీ అదే బంకులో అదే పంపు దగ్గర ఫుల్ చేయించి లెక్కేసుకోండి. వంద కిలోమీటర్లకే లెక్కేస్తే తప్పుతుంది, ఏడు లీటర్లు పట్టాల్సిన చోట ఎనిమిది పోస్తే 14 కాస్తా 12న్నర అవుతుంది. నాలుగైదు వందలు తిరగనివ్వండి.

ట్రావెల్స్ ఓనర్: ఇచ్ఛాపురం వాళ్ళు మన ఒడిశా బంకులకొచ్చి పోయించుకుంటారు కదా, ఆంధ్రాలో రేటు ఎక్కువని. మైలేజ్ కన్నా అదే లాభం అంటారు. (నవ్వులు)

యాంకర్: అయితే ఫ్యామిలీకి ఏది తీసుకోమంటారు?

ట్రావెల్స్ ఓనర్: నన్నడిగితే సీట్లు లెక్కెట్టండి. ఏడుగురు రెండు చిన్న కార్లలో పోయారనుకో, ఒక్కోటి 18 ఇచ్చినా రెండూ కలిపి లీటరుకి తొమ్మిదే. మా క్రిస్టా 12 ఇచ్చినా నయం కాదేటి?

టీచర్: సీట్లు నిండినప్పుడు సరే అండి. నేను రోజూ స్కూలుకి ఒక్కదాన్నే వెళ్తాను.

మెకానిక్: అక్కడే వస్తుంది చిక్కు. హైక్రాస్‌లోనే మామూలు పెట్రోల్‌కీ హైబ్రిడ్‌కీ అయిదారు లక్షల తేడా. నెలకి 1500 కిలోమీటర్లు, లీటరుకి పెట్రోల్‌ది 11కీ హైబ్రిడ్‌ది 17కీ తేడా వేసుకున్నా మిగిలేది 48 లీటర్లు, అంటే అయిదు వేల రూపాయల లోపే. ఆ తేడా రాబట్టుకోడానికి పదేళ్ళు పట్టుద్ది. ట్యాక్సీలా నెలకి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకైతే నాలుగేళ్ళలోపే.

టీచర్: పదేళ్ళా! మా ఆయనకి చెప్పకండి.

ట్రావెల్స్ ఓనర్: అందుకే అంటన్నాను మేడమ్, పూరీకీ సింహాచలానికీ నా బండి కట్టించుకోండి, స్కూలుకి చిన్న కారు తీసుకోండి.

టీచర్: మీరలాగే అంటారు, వ్యాపారం మీది. మా అత్తగారు అద్దె బండి ఎక్కరు.