మా చిన్నోడి మందు సీసా: రెండో ప్రిస్క్రిప్షన్ దగ్గర ఎందుకు ఆగిపోయాం

హాయ్ అండి అందరికీ. ఈరోజు వ్లాగ్‌లో షాపింగ్ లేదు, హోమ్ టూర్ లేదు, టేబుల్ మీద ఈ ఆరెంజ్ రంగు మందు సీసా ఒక్కటే ఉంది. లేబుల్ మీద మా చిన్నోడి పేరు ఉంది కాబట్టి టేప్ అంటించాను. వాడి పేరు గానీ ముఖం గానీ ఈ వీడియోలో ఎక్కడా రావు, రేపు పెద్దయ్యి చూసుకుంటే వాడికి ఇబ్బంది కాకూడదు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, దానికని వాడికి రాసిన మందు ఇది. లోపల ఇంకా పదకొండు కాప్సూల్స్ మిగిలాయి.

ముందుగా ఒక్క మాట. నేను డాక్టర్ని కాను. మీ పిల్లలు ఇలాంటి మందులు వాడుతుంటే దయచేసి ఈ వీడియో చూసి ఆపేయకండి, కొన్నింటిని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఏం చేసినా డాక్టర్‌తో మాట్లాడాకే.

మేముండేది అమెరికాలో. పోయినేడాది వాడు కిండర్‌గార్టెన్, అంటే ఒకటో తరగతికి ముందు క్లాసు. ఆగస్టు చివరి వారంలో ఐదేళ్ళు నిండాయి, మా రాష్ట్రంలో సెప్టెంబర్ 1 కటాఫ్, అంటే ఆ రోజుకి ఐదేళ్ళు నిండాలి, కాబట్టి నాలుగు రోజుల తేడాతో సీటు వచ్చింది, అబ్బ ఏడాది కలిసొచ్చిందని సంబరపడ్డాం. నవంబర్లో పేరెంట్ టీచర్ మీటింగ్‌కి పిలిచారు. కుదురుగా కూర్చోడు, లైన్లో నిలబడడు, చెప్పిన పని సగంలో వదిలేస్తాడు అని టీచర్ చాలా మర్యాదగానే చెప్పారు, కానీ మన పిల్లాడి వల్ల క్లాసంతా ఇబ్బంది పడుతోందని వినేసరికి మా ఆయనా నేనూ తల ఎత్తలేకపోయాం. కొత్త దేశంలో ఎవరి చేతా మాట పడకూడదని మనకి ఎంత భయమో మీకు తెలుసు కదా. ఇండియాలో ఉన్న అమ్మకి కూడా చెప్పలేదు.

తర్వాత ఫారాలు ఇచ్చారు. టీచర్‌కి ఒకటి, మాకు ఒకటి, ప్రతి ప్రశ్నకీ సున్నా నుంచి మూడు వరకు అంకెలు. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను వినండి. టీచర్ నింపిన ఫారం పక్కన పెట్టుకుని, ఆవిడ ఏ అంకె వేశారో చూసి నేనూ దాదాపు అదే వేశాను. ఆవిడకి అనుభవం ఎక్కువ, నాకేం తెలుసులే అనుకున్నాను. ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే ఆ లక్షణాలు కనీసం రెండు చోట్ల, అంటే బడిలోనూ ఇంట్లోనూ కనిపించాలన్నది నియమం. మాకు రెండు ఫారాలయితే ఉన్నాయి కానీ చూసిన కళ్ళు ఒక్కరివే.

జనవరిలో డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. పదిహేను నిమిషాలు. ఫారాలు చూశారు, ఎత్తూ బరువూ చూశారు, ఏడీహెచ్‌డీ అన్నారు, ఆ సాయంత్రానికల్లా ఫార్మసీలో మందు రెడీ.

మా వాడు బూట్లు వేసుకోవడానికి పది నిమిషాలు పట్టేది. ఎడమ బూటుకో కథ, కుడి బూటుకో కథ, రెండూ పోట్లాడుకుంటాయి, రాజీ పడతాయి, ఈలోగా బస్సు వచ్చేస్తుంది, నేను అరుస్తాను. మందు మొదలెట్టిన నాలుగో రోజో ఐదో రోజో, వాడు ఒక్క నిమిషంలో బూట్లు వేసుకుని, బ్యాగ్ తగిలించుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు. నేను సంతోషపడ్డాను, నిజం చెప్తున్నాను, చాలా సంతోషపడ్డాను. స్కూల్ నుంచి కూడా మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది. రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందేంటని అనిపించి వెనక్కి తిరిగి చూస్తే, వాడు సోఫాలో కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు.

లంచ్ బాక్స్ వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చేది. రాత్రి పదకొండయినా నిద్ర పట్టేది కాదు. అదే చెప్తే డాక్టర్, నిద్రకి ఇంకో మందు రాస్తానన్నారు. అసలు అది పెద్దవాళ్ళకి బీపీ తగ్గించడానికి వచ్చిన మందు. మొదటి మందు వల్ల పోయిన నిద్రని తెప్పించడానికి రెండో మందన్నమాట. అప్పుడు మా ఆయన నెమ్మదిగా, "ఐదేళ్ళ పిల్లాడండీ" అన్నారు. అంతకంటే ఏమీ అనలేకపోయారు.

ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళ మార్గదర్శకాల్లోనే ఉంది: ఆరేళ్ళు నిండని పిల్లలకి మొదటి చికిత్స మందు కాదు, ప్రవర్తనని ఎలా దారిలో పెట్టాలో తల్లిదండ్రులకి ఇచ్చే ట్రైనింగ్. దానితో సరిపోకపోతేనే మందు గురించి ఆలోచించాలి. 2016లో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ బయటపెట్టిన లెక్క చూస్తే, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య ఏడీహెచ్‌డీకి చికిత్స అందుతున్న పిల్లల్లో అప్పట్లో నూటికి 75 మంది దాకా మందు వాడేవారు, అలాంటి థెరపీ సగం మందికే అందేది. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. థెరపిస్ట్ కోసం నెలల తరబడి వెయిటింగ్, ఇన్సూరెన్స్ ఒప్పుకోవాలి, వారం వారం సెలవు పెట్టి వెళ్ళాలి. మందయితే అదే రోజు చేతికొస్తుంది.

ఇంకోటి చదివి మాత్రం నాకు చేతులు చల్లబడ్డాయి. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. సెప్టెంబర్ 1 కటాఫ్ ఉన్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టిన పిల్లల్లో పదివేలకి 85 మందికి ఏడీహెచ్‌డీ అని రాస్తే, సెప్టెంబర్‌లో పుట్టిన వాళ్ళలో 64 మందికే రాశారు. ఆ కటాఫ్ లేని చోట్ల ఈ తేడా కనిపించలేదు. క్లాసులో అందరికంటే చిన్నవాడు చిన్నవాడిలా ఉంటే దానికి జబ్బు పేరు పెట్టేస్తున్నాం, అంతే కదండీ? మా వాడి పక్క సీటు పిల్లాడు వాడికంటే పదకొండు నెలలు పెద్ద. ఐదేళ్ళ వయసులో పదకొండు నెలలంటే ఎంత తేడానో ఏ తల్లినడిగినా చెప్తుంది.

ఇది ఒక్క ఏడీహెచ్‌డీ గొడవే కాదు. 1990ల మధ్య నుంచి పదేళ్ళలోపే ఇక్కడ పిల్లలకి బైపోలార్, అంటే మనసు అతి హుషారుకీ అతి దిగులుకీ మధ్య ఊగే జబ్బు, అని రాయడం దాదాపు 40 రెట్లు పెరిగింది, దాంతో బరువు పెంచే, హార్మోన్లని తారుమారు చేసే పెద్ద మందులు చిన్నపిల్లలదాకా వచ్చాయి. అన్నిటికంటే బాధనిపించింది ఫోస్టర్ కేర్ పిల్లల సంగతి, అంటే సొంత ఇంట్లో ఉండే వీల్లేక ప్రభుత్వం వేరేవాళ్ళ సంరక్షణలో పెట్టిన పిల్లలు. 2011లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఐదు రాష్ట్రాల్లో చూస్తే, మెడికెయిడ్‌లో, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో, ఉన్న మిగతా పిల్లల కంటే వీళ్ళకి మానసిక మందులు 2.7 నుంచి 4.5 రెట్లు ఎక్కువ రాస్తున్నారని తేలింది. ఆ పిల్లలు పడిన కష్టాలు ఎక్కువే, కాదనను. కానీ డాక్టర్ ఎదురుగా కూర్చుని "ఇది ఎందుకండీ" అని అడిగే అమ్మ వాళ్ళకి లేదు కదా.

మందు చెడ్డదని నేను అనట్లేదు. మా ఫ్రెండ్ వాళ్ళ అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అన్ని పరీక్షలూ అయ్యాక అదే మందు మొదలుపెట్టారు, ఆ పిల్ల ఇప్పుడు పుస్తకం చివరిదాకా చదవగలుగుతోంది, ఏడుపులు తగ్గాయి. అవసరమైన పిల్లకి ఇవ్వకపోవడం కూడా అన్యాయమే.

మేము డాక్టర్‌తో మాట్లాడాకే మందు ఆపాం. స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్‌కి నాలుగు నెలలు పట్టింది. ఆవిడ గంటన్నర కూర్చున్నారు. గురక పెడతాడా, చెవులు బాగా వినిపిస్తాయా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఒక్కడే ఉంటే ఏం ఆడుకుంటాడు... అంతకుముందు ఇవేవీ మమ్మల్ని ఎవరూ అడగలేదు. చివరికి, ఇప్పుడే ఆ ముద్ర వేయను, ఏడేళ్ళు నిండాక మళ్ళీ చూద్దాం అన్నారు. ఈలోగా మా ఇద్దరికీ ట్రైనింగ్. ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒక్కటే చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం. చిన్న విషయాల్లా ఉంటాయి కానీ చాలా కష్టం, నాకు ఇప్పటికీ ఓపిక చాలని రోజులు ఉన్నాయి. ఏడేళ్ళు నిండాక చూసినప్పుడు మళ్ళీ మందు కావాలంటే ఇస్తాం, ఈసారి తెలిసి ఇస్తాం.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది చాలామంది మన వాళ్ళకి తెలీదు. పిల్లాడు ఇలాంటి కంట్రోల్డ్ మందు, అంటే దుర్వినియోగం కాకుండా చట్టం గట్టిగా అదుపు చేసే మందు, వేసుకుంటేనే క్లాసుకి రానిస్తామని గవర్నమెంట్ స్కూల్ అనకూడదు, 2004లో సవరించిన ఐడియా (IDEA) అనే, వైకల్యం ఉన్న పిల్లల చదువు చట్టంలోనే రాసి ఉంది. మమ్మల్ని ఎవరూ అలా అనలేదు, కానీ మాకు మేమే అలా అనుకుని భయపడ్డాం.

ఈ సీసా ఇవాళ ఫార్మసీలో పాత మందులు వేసే డబ్బాలో వేసేస్తాను. అదిగో బస్సు వచ్చింది. దిగుతున్నాడు. ఎడమ బూటు లేసు ఊడిపోయింది, వంగి దానితో ఏదో మాట్లాడుతున్నాడు. కెమెరా ఆపేస్తున్నానండి.