బారువ దగ్గర కొబ్బరితోటలో బస, రాత్రి భోజనం: డబ్బులకి తగ్గట్టుందా?

నమస్కారమండీ. ఎటు చూసినా కొబ్బరిచెట్లే. అలాంటి చోట కారు దిగగానే గ్లాసులో ఏం ఇస్తారనుకుంటారు? మాకు ఆరెంజ్ రంగు సిరప్ కలిపిన నీళ్లు ఇచ్చారు. పైన కాగితం గొడుగొకటి. ట్రే పట్టుకుని "వెల్‌కమ్ డ్రింక్ సార్" అన్నాడు కుర్రాడు. వాడి వెనకాలే గోడకి ఆనించి బొండాల గెల ఉంది! వీడియోలో కూడా పడింది, చూడండి, ఇదిగో.

ఈ చోటుతో నా పేచీ అంతా ఇదే. వాళ్లింట్లో ఉన్నది పెట్టినప్పుడల్లా అదిరిపోయింది, హోటల్లా కనబడాలని చూసినప్పుడల్లా తేలిపోయింది.

ముందు ఎక్కడో చెప్పేస్తాను. శ్రీకాకుళం జిల్లా, సోంపేట దాటి బారువ వైపు, సముద్రానికి దగ్గర్లో. శ్రీకాకుళం టౌన్ నుంచి హైవే మీద వంద కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. రైల్లో వచ్చేవాళ్లు సోంపేట స్టేషన్‌లో దిగాలి. ఆ స్టేషన్ ఉండేది కంచిలిలో, బోర్డు చూసి కంగారుపడకండి. అక్కణ్నుంచి ఆటోలు ఉంటాయి. చోటు పేరు మాత్రం చెప్పట్లేదు. ఇది ప్రమోషన్ కాదు, మా డబ్బులు పెట్టుకునే ఉన్నాం. పైగా ఉన్నవి నాలుగు గదులు, వండేది ఇంటావిడ ఒక్కరే. మీరంతా కలిసి ఒక్క ఆదివారం వచ్చి పడ్డారంటే ఆవిడ నన్ను తిట్టుకుంటారు.

గది 1,800 రూపాయలు. ఏసీ ఉంది, బాత్రూమ్ శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. గీజర్ కూడా ఉంది, ఏప్రిల్ నెలాఖర్లో అదెందుకో మరి. గోడ మీద మంచుకొండల పోస్టర్. కిటికీ అవతల బ్రహ్మాండమైన తోట, కానీ ఏసీ కోసమని ఆ కిటికీకి మేకులు కొట్టి మూసేశారు. రాత్రి కరెంటు పోయింది. మడత మంచాలు వరండాలోకి లాక్కుని పడుకుంటే సముద్రం గాలికి ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు. దోమతెర ఉంది. అడిగితేనే ఇస్తారు, అడగండి.

తోట గురించి ఒక మాట. ఈ తీరప్రాంతాన్నే ఉద్దానం అంటారు. ఉద్దానం అనగానే ఆకాశం కనపడనంత దట్టమైన తోటలు ఊహించుకుని రాకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది ఈ ప్రాంతంలోనే. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైపోయాయి. ఈ తోటలో కూడా సగం పైన ఆ తర్వాత నాటిన మొక్కలే, నీడ ఇంకా పల్చగానే ఉంది. చెట్ల కింద ఊయల అని వాళ్లు గొప్పగా చెప్తారు గానీ, ఎండ వాలాకే దాని జోలికి వెళ్లండి.

సరే, భోజనం. అసలు మనం వచ్చింది దీనికే.

బుక్ చేసినప్పుడు ఫోన్‌కి ఒక మెనూ పంపారు. పనీర్ బటర్ మసాలా, మంచూరియా, ఫ్రైడ్ రైస్... మన వీధి చివర దొరికేవే అన్నీ. వంటింటి వైపు వెళ్లి "పిన్నిగారూ, ఇవాళ మీ ఇంట్లో ఏం వండుతున్నారు?" అని అడిగాను. "మాదేటి బాబూ, మామూలు కూరలే. మీలాటోళ్లు తింతారేటి?" అన్నారావిడ. తింటామని నమ్మించడానికి కాసేపు పట్టింది.

ఆ మామూలు కూర ఏంటో తెలుసా? పచ్చి జీడిపప్పు వేసిన నాటుకోడి. పలాస జీడిపప్పు ప్యాకెట్లలో మనం కొనేది ఎండబెట్టి, ఒలిచి, గ్రేడు చేసిన పప్పు. ఇది అది కాదు. గింజ ఇంకా పచ్చిగా ఉండగానే కోసి తీసిన పప్పు. వేసవిలో కొన్నాళ్లే దొరుకుతుంది. పెంకులోంచి కారే సొన చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, అందుకే చేతులకి బూడిద రాసుకుని కోస్తారు. అంత కష్టపడి తీసిన పప్పు కూరలో మెత్తగా, తియ్యగా, కోడి కారాన్నంతా పీల్చుకుని ఉంటుంది. నేను ముక్కలు పక్కకి నెట్టి పప్పులు ఏరుకుని తిన్నాను, సిగ్గేం లేదు. మసాలా దాదాపు లేదు. అల్లం, వెల్లుల్లి, ధనియాలు, చివర్లో కొంచెం కొబ్బరి, అంతే.

చేపల పులుసు దొరుకుతుందనుకోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం కదా. కానీ ఇంజన్ లేని తెప్పలకి ఆ నిషేధం వర్తించదు. అలా దగ్గర్లో వల వేసి తెచ్చిన చిన్న చేపలు. చింతపండు బదులు మామిడికాయతో పులుసు. రుచి సూపర్, ముళ్లు మాత్రం దండిగా ఉన్నాయి, పిల్లలతో వెళ్తే చూసుకోండి. ఆవపెట్టిన పనసకాయ కూరలో ఉప్పు ఎక్కువైంది, ఉన్నమాట చెప్పాలిగా. అయినా ఆ ఆవ ఘాటు ముక్కుకి ఎక్కేసరికి రెండోసారి వేయించుకున్నాను. "ఏటి బాబూ, అలా ఆగిపోనారు? కలుపుకోండి" అని ఆవిడ పక్కనే నిలబడి వడ్డించారు. మధ్యలో పెరట్లోంచి ఎవరో పిలిస్తే ఒడియాలో బదులిచ్చి, మళ్లీ మాతో తెలుగు. ఇచ్ఛాపురం వైపు ఇది మామూలే.

ఇంత తిన్నాక చివర్లో ఏం తెచ్చారు? కప్పు ఐస్‌క్రీమ్. మందస ఇక్కణ్నుంచి ఎంత దూరమండీ? మందస కోవా ఒక్క బిళ్ల పెడితే సరిపోయేది!

భోజనం మనిషికి 350, నాటుకోడికి విడిగా తీసుకున్నారు. నాకైతే ఎక్కువ అనిపించలేదు.

నీళ్ల సంగతి కామెంట్లలో అడుగుతారని తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, నిజమే. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లని పైపుల్లో ఇటు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. ఇక్కడ అతిథులకి సీలు వేసిన నీళ్లే ఇస్తున్నారు. ఒక్క రాత్రికి భయపడాల్సిందేం లేదు, భయమంతా ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్లది.

పొద్దున్న టిఫిన్ బ్రెడ్డూ జామూ. వదిలేశాను. పెరట్లో పిన్నిగారు చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతుంటే నాకూ ఓ గ్లాసు పోయించుకున్నాను, పచ్చి ఉల్లిపాయ నంజుకుని. తర్వాత మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటికి నడక. ఎండెక్కక ముందే వెళ్లొచ్చేయండి. తేలినీలాపురానికి వలస వచ్చే కొంగలు కూడా చూడాలనుకుంటే ఈ ట్రిప్ చలికాలంలో పెట్టుకోండి, అప్పుడు పచ్చి జీడిపప్పు మీద ఆశ వదులుకోవాలి.

వెళ్లే ముందురోజే ఫోన్ చేసి "మెనూ వద్దండీ, మీరు తినేదే పెట్టండి" అని చెప్పండి. జీడిగింజలు కోయడానికి, చేపలు తెప్పించడానికి ఆవిడకి టైం కావాలి. సాయంత్రం దిగాక చెప్తే మాత్రం మీకు ఫ్రైడ్ రైసే.