చిన్న మత్తు ఎంత లోతు?

[తెర మీద: కళింగపట్నం బీచ్, మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ జనం]

నమస్కారం. నేను శ్రీకాకుళంలో మత్తు డాక్టరుని. నాకు రోజూ వినిపించే మాట ఒకటుంది: "ఆపరేషన్ కాదు కదా బాబూ, గొట్టమేసి కడుపు చూడడమే. చిన్న మత్తుకి ఇంత హడావుడి ఏటి?" ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. అడిగినవాళ్ల మీద కాదు, వాళ్లకి ఇన్నాళ్లూ ఎవరూ విడమర్చి చెప్పనందుకు.

కళింగపట్నంలో సముద్రంలోకి దిగారనుకోండి. ముందు పాదాలు తడుస్తాయి. తర్వాత మోకాలి లోతు, ఛాతీ లోతు, ఆపైన కాళ్లు అందవు. మత్తూ అంతే. మొదట టెన్షన్ తగ్గుతుంది. ఇంకాస్త ఇస్తే కళ్లు మూతలు పడతాయి, పిలిస్తే పలుకుతారు. ఇంకా ఎక్కువైతే గట్టిగా తట్టినా అంతంతమాత్రంగా కదులుతారు, నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడొచ్చు. ఆ తర్వాతది పూర్తి మత్తు. మధ్యలో గోడలేమీ లేవు. పైగా నాకు మోకాలు దాటిన నీళ్లు చిన్నపిల్లాడికి పీకల్లోతు. మిడజోలమ్ అనే మత్తుమందు ఒకే మోతాదు పడుచువాడిని మోకాలి లోతులో ఉంచితే, డెబ్బై ఏళ్ల పెద్దాయన్ని ముంచేయగలదు. గట్టిగా గురకపెట్టే మనిషి విషయంలోనూ భయమే.

అందుకే గట్టు మీద ఒక మనిషి ఉండాలి. వల లాగేవాడే నీళ్లలో ఉన్నవాణ్ణి కూడా కనిపెట్టుకుని ఉండలేడు. గొట్టం వేసేది ఒకరు, ఊపిరి చూసేది ఇంకొకరు. వేలి క్లిప్పులో ఆక్సిజన్ 98 శాతం కనబడుతోంది కదా అని ధీమా పడకూడదు. ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఊపిరి మందగించినా ఆ అంకె కాసేపటిదాకా తగ్గదు. నేను మాస్కు చూస్తాను. ఊపిరి వదిలినప్పుడల్లా ప్లాస్టిక్ మీద ఆవిరి పడుతుంది, పీల్చగానే చెదిరిపోతుంది. ఆ ఆవిరి ఆగిందంటే అంకె పడేదాకా ఆగను. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే క్యాప్నోగ్రాఫ్ ఉంటే ఇంకా మంచిది. మత్తిచ్చే ప్రతి గదిలో అది ఉండి తీరాలంటాను.

ఇంకో సంగతి. మిడజోలమ్ నొప్పి తీయదు. భయం తగ్గించి, జరిగింది గుర్తుండకుండా చేస్తుందంతే. నొప్పికి ఫెంటనిల్ లాంటిది వేరే ఇస్తాం. రెండూ కలిస్తే ఊపిరి మీద దెబ్బ ఎక్కువ, అందుకే కొంచెం కొంచెంగా, ఆగి ఆగి ఇస్తాం.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, మందస వైపు నుంచి వచ్చేవాళ్లు దయచేసి కిడ్నీ రిపోర్టు దాచకండి. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ ఒంట్లో మారి తయారయ్యే పదార్థం కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. అవి పాడైతే అది ఒంట్లోనే పేరుకుని, గంటల తర్వాత కూడా మనిషిని లోతుకి లాగుతుంది. ఒళ్లు నొప్పులకని మందుల షాపులో కొని మింగే డైక్లోఫెనాక్ ఆ కిడ్నీలనే ఇంకా దెబ్బతీస్తుంది. అదీ మాతో చెప్పండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. మామూలుగా మంచినీళ్లు 2 గంటల ముందు దాకా తాగొచ్చు. పాలు కలిసిన టీ, చోడంబలి (రాగి అంబలి) అయితే 6 గంటల ముందే ఆపాలి. పూరీలు, మాంసం తింటే 8 గంటలు. మత్తులో దగ్గు సరిగా రాదు, కడుపులోది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. "గుక్కెడు టీయే కదా" అని దాచొద్దు. చెబితే టైమ్ మారుస్తాం, తిట్టం.

మిడజోలమ్‌కి ఫ్లుమజెనిల్, ఫెంటనిల్‌కి నాలోక్సోన్ విరుగుడు. ప్రొపోఫోల్ అనే ఇంకో మత్తుమందుకి విరుగుడే లేదు. ఉన్న విరుగుడు కూడా మత్తు కంటే ముందే దిగిపోవచ్చు, గట్టుకి లాగిన మనిషి మళ్లీ నీళ్లలోకి జారినట్టు. అందుకే లేచి మాట్లాడుతున్నా వెంటనే ఇంటికి పంపం.

ఇంటికెళ్లాక 24 గంటలు బండి నడపొద్దు, మద్యం తాగొద్దు, కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు. ఒంటరిగా వచ్చి, "ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి టెక్కలిలో దిగిపోతాను" అంటే ఆ రోజు మత్తు ఇవ్వను. కొడుకో, కోడలో, పక్కింటాయనో, ఎవరో ఒకర్ని వెంటబెట్టుకుని రండి.